దించు అన్నాక ఎందుకని అడగకూడదు

అద్దాలక్కకి ఎదుటివాళ్ళ మనసు ఇట్టే తెలిసిపోతుందని ఆ అద్దాల కార్ఖానాలో అందరూ అంటారు. అనేవాళ్ళు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. ఆవిడకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ విద్య ఆవిడ ఇష్టపడి నేర్చుకున్నది కాదు.

వాళ్ళ నాన్న ముక్కోపి. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చప్పుడుని బట్టి ఆ రాత్రి ఇల్లు ఎలా ఉండబోతోందో ఏడేళ్ళ పిల్ల లెక్కగట్టేది. రెండు చెప్పులూ పక్కపక్కన మెల్లగా పడితే గండం గడిచినట్టే. ఒకటి వెళ్ళి గోడకి తగిలిందంటే తమ్ముళ్ళిద్దర్నీ కంచాలతో సహా వెనక గదిలోకి తోసేసేది. అంత చేసీ, ఆ ఇంట్లో ఎవరి కడుపులో ఏముందో ఆయనకు చచ్చేదాకా తెలియదు. తెలుసుకోవలసిన అవసరం ఏనాడూ రాలేదు మరి. ఒకరి మనసు ఒకరు తెలుసుకుంటే లోకం బాగుపడుతుందని పెద్దపెద్దవాళ్ళు చెబుతుంటారు. భయపడేవాళ్ళే ఆ తెలుసుకునే చాకిరీ అంతా చేస్తుంటారనీ, భయపెట్టేవాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారనీ వాళ్ళెవరూ చెప్పరు.

పెళ్ళయ్యాక ఆవిడకి దొరికిన మనిషి దీనికి పూర్తిగా తలకిందులు. సెలూన్ నడుపుకుంటాడు. ఎవరి మనసులోనూ ఏమీ కనిపించదు ఆయనకి. ప్రతిదీ అడుగుతాడు. ఆకలేస్తోందా అని అడుగుతాడు. కోపం వచ్చిందా అని అడుగుతాడు, వస్తే నామీదా ఇంకెవరి మీదైనానా అని మళ్ళీ అడుగుతాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "నీకు తెలీదా?" అని మొహం తిప్పుకుంటే, "తెలీదు, చెప్తే తెలుస్తుంది" అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు మాట్లాడలేదు ఆవిడ. పాపం, ఎందుకు మాట్లాడటం లేదని ఆ రెండు రోజులూ అడుగుతూనే ఉన్నాడు.

అద్దాల కార్ఖానాలో చేరి ఇరవై రెండేళ్ళు. దుకాణాల ముందు పెట్టే పెద్ద అద్దాలు, బీరువాలకు బిగించే నిలువుటద్దాలు అక్కడ కోసి, అంచులు అరగదీసి, కడిగి లారీల్లోకి ఎక్కిస్తారు. కోసే బల్ల నుంచి లారీ దాకా ఉన్న దారి నలభై అడుగులు. మిషన్లు ఎన్ని వచ్చినా ఆ నలభై అడుగులూ మనుషులే మొయ్యాలి, అదీ ఇద్దరు. ముందు మనిషి అద్దానికి ఎడమ పక్క, వెనక మనిషి కుడి పక్క. ముందు నడిచేవాళ్ళకి వెనకవాళ్ళు కనబడరు. వాళ్ళ అడుగు తడబడినా, ఊపిరి బిగబట్టినా అద్దంలోంచి అరచేతికి తెలియాల్సిందే. చెప్పుల చప్పుడు విని పెరిగిన మనిషికి అదెంత పని? మొదటి నెలలోనే ఆవిడకి ఎదుటివాళ్ళ మనసు తెలుస్తుందన్న పేరు వచ్చింది.

చేరిన మొదటి వారంలోనే పాత మేస్త్రి ఆవిడకి అక్కడి ధర్మం ఒకటి నేర్పాడు. మోసేవాళ్ళలో ఎవరు "దించు" అన్నా రెండోవాళ్ళు అద్దం వెంటనే దించాలి. అందుకే దారి పొడవునా కాలికి అందే దూరంలో రబ్బరు తొడిగిన చెక్క దిమ్మలు పేర్చి ఉంటాయి. ఎందుకని మాత్రం అడగకూడదు. కొత్తలో ఆవిడ ఒకసారి అడగనే అడిగింది. మేస్త్రి అద్దం దించేదాకా ఆగి, చేతి తొడుగులు తీసి చొక్కా లోపలికి చెయ్యి పెట్టి ఒక ఎర్రచీమని బయటికి తీశాడు.

"ఇందుకు," అన్నాడు. "నువ్వు అడిగి, నేను చెప్పి, నువ్వు నమ్మేలోపు ఇది నన్ను నాలుగు చోట్ల కుట్టింది. ఇంకెప్పుడూ అడక్కు."

అద్దాలక్క జోడీ పేరు తాబేలన్న. ఆవిడ కంటే ఆరేడేళ్ళు పెద్ద. నడక నిదానం కనుక ఆ పేరు, అంతకు మించి ఏమీ లేదు. పద్నాలుగేళ్ళ నుంచీ ఇద్దరూ కలిసే మోస్తున్నారు. మలుపు దగ్గర ఎవరు ముందు వంగాలో, లారీ వాలు దగ్గర ఎవరు ఆగాలో ఒక్క మాట లేకుండా జరిగిపోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. ఆ మాట్లాడుకోకపోవడం అంటే ఇద్దరికీ లోపల్లోపల కాస్త గర్వం కూడా.

అలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఇస్త్రీ చొక్కా, మర్యాద గల నోరు. మేడమీది గదిలోంచి వారం రోజులు కిందికి చూసి, రోజుకి ముప్పైసార్లు అద్దాలు ఊరికే దిగుతున్నాయని కనిపెట్టాడు. నీళ్ళ కుళాయి పక్కన గోడకి మేకు కొట్టి ఒక కాగితం తగిలించాడు. దించు అన్నవాళ్ళ పేరు, వేళ, కారణం అందులో రాయాలి. వారానికి మూడు దాటితే పైకి పిలుస్తారు.

మొదటి వారం అందరూ బుద్ధిగా రాశారు. తుమ్ము, చెమట, చొక్కాలో చీమ. మేనేజరు వాటి కింద ఎర్ర సిరాతో గీతలు గీశాడు. రెండో వారం సగం మంది రాయడం మానేశారు, అంటే దించు అనడం మానేశారు. దించడాలు సగానికి సగం తగ్గాయని ఆయన ఇంకో కాగితం అంటించాడు. తుమ్ములు తగ్గాయనుకున్నాడో ఏమో మరి.

ఆ తరువాత నెలలో ఒక గురువారం తాబేలన్న భార్యకి కంటి కట్టు విప్పే రోజు. ఆపరేషన్ అయి వారమైంది. చూపు వస్తుందో రాదో పదకొండు గంటలకు తేలుతుంది. రెండు గంటలు సెలవు అడిగితే ఆ పొద్దుట వెళ్ళాల్సిన రెండు పెద్ద నిలువుటద్దాలూ ఎక్కించి వెళ్ళమన్నాడు మేనేజరు. మొదటిది ఎక్కించారు. రెండోది ఎత్తేసరికి పదకొండుకి పది నిమిషాలుంది.

నాలుగు అడుగులు వేసేసరికే అద్దాలక్క చేతులకి తెలిసిపోయింది. వెనక మనిషి ఇక్కడ లేడు. అద్దం బరువు ఒకసారి ఉంటోంది, ఒకసారి ఉండటం లేదు. ఆయన దించు అనాలి. అనడు, ఎందుకంటే కాగితం మీద ఆ వారం ఆయన పేరు మూడుసార్లు ఉంది. తనే అంటే? ఏమని రాయాలి? జోడీ మనసు బాగా లేదనా? సరే, కాస్త బరువు నేనే తీసుకుంటే పోయె అనుకుంది. అద్దాన్ని తన వైపు రెండంగుళాలు వంచుకుంది.

సరిగ్గా అప్పుడే నిలువుటద్దం తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగింది. ఫట్‌మన్న చప్పుడు ఆవిడ విన్నది తరువాత. ముందు చేతుల్లో బరువు లేకపోవడం తెలిసింది. వెనక్కి తిరిగేసరికి తాబేలన్న నేలమీద కూర్చుని, మోచేతి కింద తెగిన చోట రెండో చేత్తో గట్టిగా అదిమిపట్టి గడియారం వైపు చూస్తున్నాడు. తొమ్మిది కుట్లు పడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు అద్దాలక్కని పైకి పిలిచాడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇచ్చాడు, టైపు చేసిన కాగితం ముందుకు జరిపాడు. తన జోడీ శ్రద్ధ పని మీద లేకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"మీకు ఎదుటివాళ్ళ మనసు తెలుస్తుందని అందరూ చెప్తారమ్మా," అన్నాడు. "అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. ఆ టైములో అతని మనసు పని మీద ఉందా?"

"లేదు సార్."

"మరి అదే కదా ఇందులో ఉంది."

"ఇది పెడితే ఆయన్ని ఏం చేస్తారు?"

"పనిలోంచి తీసెయ్యక తప్పదమ్మా. మీరు పెట్టకపోతే ఇద్దరి తప్పూ అని రాయాల్సొస్తుంది. సోమవారం దాకా ఆలోచించుకోండి."

మెట్లు దిగుతుంటే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన అబద్ధం రాయమనలేదు, అదీ కడుపుమంట. నిజమే రాయమన్నాడు. పద్నాలుగేళ్ళు ఒక మనిషి పక్కన నడిచి అరచేతులతో తెలుసుకున్న నిజాన్ని తీసుకెళ్ళి ఆ మనిషి మెడకే చుట్టమన్నాడు. చిన్నప్పుడు ఆ విద్య తమ్ముళ్ళని దాచడానికి పనికొచ్చింది. దానితోనే మనుషుల్ని పట్టివ్వనూ వచ్చని మేనేజరుకి ఎంత తేలిగ్గా తట్టిందో తలచుకుంటే ఆవిడకి వెగటు పుట్టింది.

సాయంత్రం తాబేలన్న ఇంటికి వెళ్ళింది. ఒకటే గది, మంచం పక్కన మందుల సంచి. ఆయన భార్య నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని టీ పోస్తోంది. చూపు వచ్చింది.

"ఈయన వచ్చేదాకా కట్టు విప్పనివ్వలేదు. విప్పగానే మొదట ఏం చూశానో తెలుసా? ఈయన చేతికి కట్టు," అంది. "రెండోది ఈయన ముక్కు. ఇంత పొడుగని మర్చేపోయాను."

తాబేలన్న నవ్వాడు. అద్దాలక్క నవ్వలేకపోయింది. ఆవిడని రాత్రంతా తొలిచింది ఒకటే. తను వంచింది రెండంగుళాలు. రెండంగుళాలకి అద్దం అంత మెలి తిరగదు.

"అన్నయ్యా, ఒక మాట అడుగుతా. నిన్న నువ్వు కూడా అద్దాన్ని నీ వైపు లాగావా?"

ఆయన చేతి కట్టు సర్దుకున్నాడు. "లాగా."

"ఎందుకు?"

"నీ భుజం," అన్నాడు. "నెల నుంచి చూస్తున్నా. కుళాయి దగ్గర ఎడం చేత్తో గ్లాసు ఎత్తడం మానేశావ్. మొదటి అద్దం అప్పుడే పళ్ళు బిగబట్టి మోస్తున్నావని తెలిసింది. నువ్వు దించు అనవు, అంటే రాయాలి, రాస్తే నిన్ను మోతలోంచి తీసేస్తారు. సరే, ఆ కాస్త నేనే తీసుకుందాంలే అనుకున్నా."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. భుజం సంగతి ఇంట్లో మొగుడికి కూడా చెప్పలేదు. "నేనూ అదే అనుకుని అదే చేశా," అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్నాలుగేళ్ళ గర్వం ఆ గదిలో అలా చతికిలబడింది. అవతలి మనిషికి ఏం కావాలో ఇద్దరికీ తెలుసు. ఇవతల ఏం చేస్తున్నారో ఇద్దరూ చెప్పలేదు. చెరో పక్కకీ జాలితో లాగి అద్దాన్ని విరిచారు.

ఇంటికొచ్చేసరికి మొగుడు సెలూన్ తువ్వాళ్ళు ఉతికి తీగ మీద ఆరేస్తున్నాడు. ఆవిడ మొదటిసారి అంతా చెప్పింది, భుజంతో సహా. ఆయన వింటూ ఒక్కో తువ్వాలూ దులిపాడు.

"మరి దించు అనొచ్చుగా?"

"అంటే ఎందుకో రాయాలి."

"అదేంటి," అన్నాడాయన నిజంగానే అర్థం కాక. "ముప్పై ఏళ్ళ నుంచి కత్తెర పట్టుకున్నా. తలకాయ నా చేతుల్లోనే ఉంటుంది. అయినా ఇంకొంచెం తియ్యనా అని అడుగుతా. వద్దంటే ఆపేస్తా. ఎందుకు వద్దు అని ఒక్కడినీ అడగలేదు. అది వాళ్ళ తలకాయ కదా." తరువాత తువ్వాలు భుజం మీద వేసుకుని, "నీకు ఇప్పుడు నొప్పిగా ఉందా?" అన్నాడు.

"ఉంది," అందావిడ. అంత తేలికైన మాట అనడానికి ఆ ఇంట్లో పాతికేళ్ళు పట్టింది.

సోమవారం మేనేజరు కిందికే వచ్చాడు, టైపు కాగితం పట్టుకుని. పద్నాలుగు మంది పని ఆపి చూస్తున్నారు. అద్దాలక్క ఆ కాగితం తీసుకుని బల్ల మీద పెట్టింది.

"రాసిస్తా సార్. కానీ మీరు అడిగింది కాగితం మీద చెప్తే అర్థమయ్యేది కాదు. నాకు ఇవాళ జోడీ లేడు. ఆ అద్దం లారీ దాకా వెళ్ళాలి. ముందు మీరు పట్టుకోండి."

"నేనా?"

"నలభై అడుగులే సార్."

అంతమంది ముందు కాదనడం కూడా కష్టమే. ఆవిడే ఆయనకి తోలు తొడుగులు, మోచేతుల దాకా వచ్చే కవచాలు తొడిగింది. ఎంచుకున్నది దళసరి అద్దం, బరువు ఎక్కువే గానీ మెలి తిరిగేది కాదు. మనిషికి బుద్ధి చెప్పాలనుకుంది గానీ గాయం చెయ్యాలనుకోలేదు. ఎత్తారు.

ఆరో అడుగుకి ఆయన మెడ వెనక చర్మం ఎర్రబడింది. ఎనిమిదో అడుగుకి చేతుల వణుకు అద్దం వెంట వచ్చి ఆవిడ అరచేతుల్లో పడింది. ఇంత భయం ఆవిడ చాలా రోజులుగా ఎవరి దగ్గరా చూడలేదు. అంగుళం వంచితే ఆయనకి సగం బరువు తగ్గుతుంది. ఆవిడ చేతులు అలవాటు కొద్దీ వంచబోయాయి కూడా. బలవంతాన ఆపుకుంది.

"ఎలా ఉంది సార్?"

"బానే ఉంది."

"దించమంటే దించుతా. ఆ మాట మాత్రం మీరే అనాలి."

ఇంకో మూడు అడుగులు. కార్ఖానాలో మిషన్ చప్పుడు కూడా లేదు.

"దించు," అన్నాడు.

ఆ మాట పూర్తి కాకముందే అద్దం దిమ్మల మీద ఉంది. ఆయన గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంటూ చుట్టూ చూశాడు. ఎవరైనా ఏదో ఒకటి అంటారని చూసినట్టున్నాడు. పద్నాలుగు మందిలో ఒక్కరూ ఏమీ అనలేదు, ఎందుకని అడగలేదు. స్టోరు చూసే పెద్దావిడ, అందరూ పిన్ని అంటారు, మేకుకున్న కాగితం తెచ్చి పేరు రాసి, వేళ రాసి, కారణం గడి దగ్గర పెన్ను ఆపి తలెత్తింది.

"అడక్కు పిన్నీ," అంది అద్దాలక్క.

"గడి ఖాళీగా ఉంటుందే."

"ఉండనీ. మనం ఎవర్నీ అడగం. సార్‌ని మాత్రం ఎందుకు అడగాలి?" ఆ తరువాత ఆయన వైపు తిరిగి, "పట్టుకోండి సార్. ఇంకా చాలా దూరం ఉంది," అంది.

ఆయన పట్టుకున్నాడు. కాదనకుండా పట్టుకున్నందుకు ఆయనకి ఆ మాత్రం మెప్పు దక్కాలి. మలుపు దగ్గర రెండోసారి అన్నాడు, వాలు మొదట్లో మూడోసారి. నాలుగోసారి అన్నప్పుడు గొంతులో సిగ్గు పోయింది. వణుకు మొదలవకముందే మామూలుగా అన్నాడు, మంచినీళ్ళు అడిగినట్టు. అద్దం క్షేమంగా లారీ ఎక్కింది.

పిన్ని కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "నాలుగయ్యాయి. మూడు దాటితే పైకి పిలవాలని రాసుంది," అంది ఎంతో వినయంగా. "పైన ఉండేది తమరే కదా. ఎవర్ని పిలవమంటారు సార్?"

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోలేక కడిగే మిషన్ దగ్గర ఒకాయన మాత్రం దగ్గు తెచ్చుకున్నాడు. మేనేజరు తొడుగులు తీసి, ఆ కాగితం అందుకుని, ఖాళీగా ఉన్న నాలుగు గడుల్నీ చాలాసేపు చూశాడు. ఈలోగా అద్దాలక్క బల్ల దగ్గరకు వెళ్ళి టైపు చేసిన మాటలన్నీ అడ్డంగా కొట్టేసి, కింద తన చేత్తో రాసి సంతకం పెట్టింది. పెట్టి బిగ్గరగా చదివింది.

"ఆయన మనసు భార్య కళ్ళ మీద ఉందని నాకు తెలుసు. నా భుజం పని చెయ్యడం లేదని ఆయనకి తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి భయపడేలా చేసింది మేకుకి వేలాడే కాగితం. తప్పు రాయాలంటే దాని పేరు రాయండి. నన్ను తీసేసినా నేను రాసేది ఇదే."

మేనేజరు రెండు కాగితాలూ పట్టుకుని మెట్లెక్కాడు. సగం మెట్ల మీద ఆగి, "అతని కుట్లు ఎప్పుడు విప్పుతారు?" అని అడిగాడు.

"వచ్చే సోమవారం సార్."

"విప్పాక, ఆ బుధవారం నుంచి రమ్మనండి. ముందు తేలిక పనే ఇస్తా. మీ భుజం కూడా డాక్టర్‌కి చూపించుకోండి."

మేకు కాగితం మళ్ళీ కిందికి రాలేదు. ఎవరో ఆ మేకుకి తడి తొడుగులు ఆరేసుకోవడం మొదలుపెట్టారు.

తాబేలన్న చెయ్యి మానేలోపు డాక్టరు ఆవిడ భుజానికి సూదిమందు ఇచ్చి, చిన్న అద్దాలు మొయ్యొచ్చన్నాడు. నెల తరువాత ఇద్దరూ మళ్ళీ ఒక అద్దం ఎత్తారు, బీరువాకి పెట్టే చిన్నది. పన్నెండో అడుగులో ఆవిడ భుజంలో ఎక్కడో చిన్నగా కలుక్కుమంది. వెనక మనిషి అడుగు నెమ్మదించింది. ఆయనకి తెలిసిపోయిందని ఆవిడకి తెలిసింది. అయినా ఆయన అద్దం తన వైపు లాక్కోలేదు. ఆగి, ఎదురు చూశాడు.

"దించు," అంది అద్దాలక్క.

దించాడు. ఎందుకని అడగలేదు. కుళాయి దగ్గరకి నిదానంగా తన నడకన వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు పట్టుకొచ్చి ఆవిడ కుడి చేతికి అందించాడు.

"ఇంకేమైనా కావాలా చెల్లెమ్మా?"

"కాసేపు కూర్చోవాలి," అందావిడ, కూర్చుంది.